విజిల్ తీసిన కుక్కర్

ముందు ప్రమాణం చేస్తాను. మా ఇలవేల్పు మీద ఒట్టు, రాంగోపాల్‌పేటలో నాకింత కూడు పెడుతున్న స్టీలు సామాన్ల దుకాణం మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. ఇంతవరకు రాసింది చదివి మా ఆవిడ, "దుకాణం మీద ఎందుకు ఒట్టు పెట్టినవ్? ఇగ అది మునిగినట్టే" అని లోపలికి వెళ్లిపోయింది. నాకున్న పేరు అలాంటిది. జరిగింది జరిగినట్టు చెబితే వినేవాళ్లకు అన్యాయం చేసినట్టు ఉంటుంది నాకు. కానీ ఈ ఒక్క మనిషి గురించి నేను అతికించాల్సింది ఏమీ లేదు. ఆమే అన్నీ అతికించుకుని పుట్టింది.

ఆమె పోయి నెల దాటింది. మొన్న చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ప్రార్థన అయ్యాక కాగితపు ప్లేట్లలో కారప్పూస, అరటిపండు, ఒక కేకు ముక్క ఇచ్చారు. బేకరీ కేకు. పైన కొబ్బరి పొడి చల్లి ఉంది. ఆ కొబ్బరి వాసన ముక్కుకు తగలగానే ప్లేటు కుర్చీ కింద పెట్టేశాను. పక్కన కూర్చున్న పెద్దాయన దుఃఖం అనుకుని నా భుజం తట్టాడు. నాకు పుట్టింది భయం. కొబ్బరి వాసనకు భయపడే మనిషి సికింద్రాబాదు మొత్తం మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఆమె పేరు రాయను. చిలకలగూడలో మా అపార్ట్‌మెంట్లో అందరికీ ఆమె అక్క, నాకూ అక్కే. మా గుమ్మానికి ఎదురు గుమ్మం వాళ్లది. వాళ్ల నాన్న గుంటూరు వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు, అందుకని అక్కడి మాటా ఇక్కడి మాటా ఆమె నోట్లో ఒక్క వాక్యంలోనే కాపురం చేసేవి. బళ్లో మూడో తరగతి పిల్లలకు చదువు చెప్పేది. నన్ను తమ్ముడూ అనేది. ఆమె భర్త రైల్వే ఆఫీసులో గుమాస్తా. ఆయన నాకు బావ.

అక్కకు భయం. బల్లి కనిపిస్తే ఆ పూటకు వంటిల్లు బల్లిది. లిఫ్టు ఎక్కేది కాదు. కూరల సంచిని లిఫ్టులో పెట్టి బటన్ నొక్కి, తాను మెట్లెక్కి వచ్చేది. సంచి ముందు చేరితే తీసి పెట్టడం నా పని. చిలకలగూడ చౌరస్తాలో రోడ్డు దాటాలంటే పక్కనున్న మనిషి ఎవరైనా సరే, చొక్కా చెయ్యి పట్టుకునేది. ఒకసారి అలా ఒక పెళ్లికొడుకు షేర్వాణీ చెయ్యి పట్టుకుని, బారాత్‌తో పాటు ఫంక్షన్ హాలు దాకా పోయి, పెరుగన్నం దాకా భోంచేసి, తాంబూలం సంచితో ఇంటికి వచ్చింది. ఫోన్ మోగితే ఆమె ముఖం పాలిపోయేది. మంచి వార్తయితే వాట్సాప్‌లో పెడతారు, ఫోన్ చేశారంటే ఎవరికో ఏదో అయినట్టే అని ఆమె లెక్క.

కుక్కర్ సంగతి వేరే చెప్పాలి. చిన్నప్పుడు వాళ్ల పక్కింట్లో కుక్కర్ పేలి మూత పైకప్పుకు తగిలిందట. అప్పటినుంచీ పప్పు పొయ్యి మీద పెట్టి, విజిల్ తగిలించి, పరుగున వచ్చి మా గుమ్మంలో నిలబడేది. కూతలన్నీ అక్కడినుంచే వినేది. చివరి కూత కాగానే ఊపిరి బిగబట్టుకుని వెళ్లి స్టవ్ ఆర్పి, ఆవిరి పోయేదాకా మళ్లీ మా ఇంట్లోనే కూర్చునేది. మా ఆవిడకూ ఆమెకూ అంత స్నేహం కుదిరింది ఆ పప్పు మూలంగానే. కుక్కర్లు అమ్ముకుని బతికేవాణ్ణి, నేను వాల్వు విప్పి చూపించి, రబ్బరు సాగదీసి చూపించి ఇది పేలదక్కా అని ఎన్నిసార్లు చెప్పానో. "నువ్వు అమ్మేటోనివి, గట్లనే చెప్తవ్" అనేది.

అయితే ఆమె తన భయాన్ని దాచేది కాదు. మనం ఉక్కగా ఉంది అన్నట్టు "భయమైతుంది" అనేది, ఆ పని చేసేసేది. బళ్లో ఇన్‌స్పెక్షన్ రోజున కూడా పిల్లల ముందే అలా అని, పాఠం మొదలుపెట్టేదట. ఎందుకలా అందరికీ వినిపించేలా అంటావని ఒకసారి అడిగాను. "బయటికి అంటే సగం పోతది తమ్ముడు. మిగిలిన సగంతోని పని చేసుకోవాలె" అంది.

అంత భయమున్న మనిషి ఏడాదికొక్కసారి, బావ పుట్టినరోజున, కుక్కర్లలో కేకు చేసేది. బావ ఆమెకు కరెంటు ఒవెన్ కొనిచ్చాడు. లోపల ఎర్రగా రాజుకునే తీగను ఒక్కసారి చూసి, అందులో ఉల్లిగడ్డలు పోసి తలుపు వేసింది. అవి ఇప్పటికీ అందులోనే ఉంటాయి. కుక్కర్లో అయితే అడుగున ఇసుక పోసి, రబ్బరు తీసేసి, విజిల్ తీసేసి, ఇసుక మీద కేకు గిన్నె దించాలి. విజిల్ తీసిన కుక్కర్ నోరులేని జీవం కదా, దానితో ఆమెకు పేచీ లేదు. మూడు పొరల కేకు కాబట్టి మూడు కుక్కర్లు కావాలి. ఒకటి తనది, ఒకటి మాది, ఒకటి కింది అంతస్తు వాళ్లది. ఆ పొద్దున ఆమె కుక్కర్ అడగడానికి వచ్చిందంటే బావకు ఇంకో ఏడు పెరిగిందని అపార్ట్‌మెంటంతా తెలిసిపోయేది.

ఆ కేకు వాళ్లమ్మ నుంచి వచ్చింది. అమ్మకు మెట్టుగూడ క్వార్టర్లలో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ ముసలామె నేర్పిందట. పొరకూ పొరకూ మధ్య, నెత్తి మీద కొబ్బరి, అక్రోటు కలిపిన కోటింగ్ పెట్టేది. పక్కలకు పూసేది కాదు. నల్లటి పొరలు, మధ్యలో పసుపుపచ్చటి కొబ్బరి అలాగే బయటికి కనిపించాలి. ఆ కోటింగే అసలు ప్రాణసంకటం. చిక్కగా మరిగించిన పాలు, పంచదార, వెన్న, గుడ్ల పచ్చసొన కలిపి సన్నని సెగ మీద తిప్పుతూనే ఉండాలి. గరిటె ఆగిందా, సొన విరిగి గుడ్డు పొరుటు అయిపోతుంది. ఒక చెయ్యి గరిటె మీద, ఒక చెయ్యి గిన్నె అంచు మీద ఉంటుంది కాబట్టి, చిక్కబడే వేళకు కొబ్బరి, అక్రోటు వెయ్యడానికి ఇంకో మనిషి కావాలి. ప్రతి ఏడూ మా ఆవిడ వేసేది. ఒక్క ఏడు నేను వేశాను.

ఆ ఏడు నాకు కాలు బెణికి, దుకాణానికి వెళ్లకుండా మంచం మీద ఉన్నాను. మా ఆవిడ ఉద్యోగానికి వెళ్లింది. కుక్కర్ కోసం వచ్చిన అక్క గుమ్మంలోనే నిలబడి కాలికేమైందని అడిగింది. మొండా మార్కెట్లో ఎద్దు తరిమిందని చెప్పాను. వంకాయల బండి మీదుగా దూకానని, ఎద్దు కూడా దూకిందని, దాని కొమ్ములకు నీలం రంగు ఉందని, ఎడమ కొమ్ముకు ఒక గంట కూడా వేలాడుతోందని చెప్పాను.

"బాత్రూంల జారినవ్" అంది.

ఎలా తెలిసిందన్నాను.

"ఎద్దు తరిమింది అని ఊకుంటే నమ్ముదును. నీలం రంగు కాడ దొరికినవ్, గంట కాడ మునిగినవ్. నీ అబద్ధానికి తోక ఉంటది తమ్ముడు. నిజమైతే రెండు ముక్కల్ల చెప్పి మూస్కుంటవ్."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. కుక్కర్ చంకలో పెట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఆ చంక కిందే గడ్డ ఉందని అప్పుడు చెప్పింది. ముక్క తీసి పరీక్షకు పంపించారు. ఆసుపత్రి నుంచి ఇవాళ ఫోన్ చేస్తామన్నారు. బావకు మాత్రం రేపని చెప్పింది, పుట్టినరోజు పూట ఆయన ఆఫీసులో కూర్చుని ఫోన్ కోసం ఎదురుచూడకూడదని.

"భయమైతుంది" అంది. ఎప్పటిలాగే అంది. కానీ ఆ రోజు ఆ మాట బయటికి వచ్చినా సగం పోయినట్టు కనిపించలేదు.

కుంటుకుంటూ ఆమె వెనకే వెళ్లాను. వంటింట్లో ఫోన్‌ను మైదా డబ్బా పక్కన నిలబెట్టింది. సైలెంట్‌లో పెట్టనా అంటే వద్దంది, మోగకపోతే ఇంకా భయమట. నేను పీట మీద కూర్చుని మైదా, కోకో పొడి జల్లించాను. ఆమె గుడ్లు గిలకొట్టింది. మా అపార్ట్‌మెంటు వెనకే రైలు పట్టాలు. బండి పోయిన ప్రతిసారీ గోడ మీద గరిటెలు గలగలమంటాయి. ఇన్నేళ్లుగా వింటున్న చప్పుడే. ఆ రోజు మాత్రం ప్రతి బండికీ ఇద్దరం ఉలిక్కిపడి ఫోన్ వైపు చూశాం.

పిండి మూడు గిన్నెల్లో పోసి, మూడు కుక్కర్లలో పెట్టి, మూతలు పెట్టింది. చేతులు కడుక్కోవడానికి ఆమె అటు తిరగగానే, ఊరికే ఉండకుండా, గట్టు మీదున్న విజిల్ తీసి మా కుక్కర్‌కు తగిలించాను. దుకాణంలో రోజూ చేసే పనే, చెయ్యి దాని పని అది చేసేసింది. ఆమె ఇటు తిరిగి చూసింది. విజిల్ ఉన్న కుక్కర్, కింద మంట. ఇంకేం ఆలోచించలేదు. నా చొక్కా చెయ్యి పట్టుకుని లాక్కుంటూ మా గుమ్మంలోకి పరుగెత్తింది. బెణికిన కాలితో నేనూ పరుగెత్తాను.

అక్కడ నిలబడి కూత కోసం ఎదురుచూశాం.

నమ్మండి, ఇది నిజం. మూడో తరగతి టీచరమ్మ, కుక్కర్ల వ్యాపారి, ఇద్దరం గోడకు ఆనుకుని చెవులు రిక్కించి నిలబడ్డాం. రబ్బరు తీసేసిన కుక్కర్, లోపల చుక్క నీళ్లు లేవు, ఉన్నది ఇసుక. అది కూతెలా వేస్తుంది? ఆ ఆలోచన ఇద్దరికీ రాలేదు. ఆమె నా చొక్కా చెయ్యి వదల్లేదు. ఒక బండి పోయింది. ఎదురింట్లోంచి ఏ చప్పుడూ రాలేదు. కుక్కర్ కూయలేదు, ఫోన్ మోగలేదు. అరగంట దాటేసరికి, రెండింటిలో దేనికోసం నిలబడ్డామో నాకే తెలియలేదు. ఆమె గొంతు తగ్గించి, "పేలితే పేలనీ తమ్ముడు, ఏదో ఒకటి కానీ" అంది. ఆమె నోట అలాంటి మాట నేను ఎప్పుడూ వినలేదు.

అప్పుడు మాడు వాసన వచ్చింది.

రబ్బరు సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. లోపలికి వెళ్లి చూస్తే రెండు పొరలు చక్కగా పొంగాయి. చీపురుపుల్ల గుచ్చితే శుభ్రంగా బయటికి వచ్చింది. మాది మాత్రం అడుగు మాడింది. ఆమె కత్తితో ఆ నలుపంతా గీకి, "కుక్కర్లు అమ్మేటోడు" అంది. ఎవరితో అన్నదో గానీ, గిన్నెలోకి చూస్తూ అంది. ఆ ఒక్క నిమిషం ఆమె మామూలు అక్కలా ఉంది.

తర్వాత కోటింగ్ మొదలుపెట్టింది. కొబ్బరి, అక్రోటు ముక్కలు వేయించి పళ్లెంలో నా చేతికి ఇచ్చింది. పాలు, సొన, పంచదార గిన్నెలో పోసి, సన్న సెగ పెట్టి, గరిటె తిప్పడం షురూ చేసింది. అలా తిప్పుతూనే, నా వైపు చూడకుండా చెప్పింది.

"ఫోన్ నువ్వే ఎత్తు. నా తమ్ముణ్ణని చెప్పు. వాళ్లు ఏమన్నా సరే, వచ్చి నాకు ఏం లేదని చెప్పు. ఇది దించేదాంక. ఇప్పుడు గరిటె ఆగొద్దు. దించినంక నిజం చెప్పు."

నాకు అబద్ధం చేతనయ్యేది సరదాకే అక్కా అన్నాను.

"అందుకే నీకు చెప్తున్న. బావకు రాదు."

పాలు పసుపు రంగుకు తిరుగుతున్నాయి. గరిటె వెనక సన్నని దారి పడి, మళ్లీ మూసుకుంటోంది. ఆ దారి మూసుకోకుండా నిలబడితే చిక్కబడినట్టు. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. ఆమె భుజాలు ఒక్కసారి పైకి లేచాయి. చెయ్యి మాత్రం తిరుగుతూనే ఉంది. నేను ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లి తలుపు చేరవేశాను.

మాట్లాడి లోపలికి వచ్చాను. "ఏం లేదంటక్కా" అన్నాను. అంతే, ఆ రెండు ముక్కలే.

ఆమె తలెత్తి నా ముఖంలోకి చూసింది. తోక కోసం చూస్తోంది. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. నీలం రంగు లేదు, గంట లేదు. "ఏం లేదా?" అంది. "లేదు" అన్నాను. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. చూస్తుండగానే సొన విరిగి గిన్నె నిండా తీపి పొరుటు అయింది. స్టవ్ ఆర్పి, ఆ పొరుటును రెండు చెంచాల్లో తీసి, ఒకటి నాకిచ్చింది. ఇద్దరం నిలబడే తిన్నాం. మళ్లీ గుడ్లు తెప్పించి కొత్త కోటింగ్ చేసింది. సాయంత్రం బావ కేకు కోశాక, ఆ కేకు పళ్లెం పట్టుకుని అక్క లిఫ్టు ఎక్కింది. జీవితంలో మొదటిసారి. ప్రతి అంతస్తులో దిగి ముక్కలు పంచి, మళ్లీ ఎక్కింది. లిఫ్టులో అద్దం ఉందని ఆ రోజే తెలిసిందట. అందులో తన తల చూసుకుని, మైదా అంటిందని మీరెవ్వరూ చెప్పలేదేందీ అని మమ్మల్నందరినీ తిట్టింది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ దుకాణం మీద ఒట్టు పెట్టుకున్నాను.

బారాత్ నిజం. లిఫ్టులో ఒంటరిగా వచ్చే కూరల సంచి నిజం. ఒవెన్లో ఉల్లిగడ్డలు, కావాలంటే వెళ్లి చూసుకోండి. కూయలేని కుక్కర్ కూత కోసం మేమిద్దరం నిలబడింది నిజం. నేను కల్పించింది ఆ రెండు ముక్కలూ, వాటి తర్వాత జరిగిందంతా. పొరుటు కాలేదు. ఆమె లిఫ్టు ఎక్కలేదు.

ఫోన్లో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. రిపోర్టు వచ్చిందని, రేపు పొద్దున్నే రమ్మనమని చెప్పింది. ఒక్కరే రావద్దు, ఇంట్లోవాళ్లను ఎవరినైనా తోడు తెచ్చుకోమనండి అంది. ఏముందమ్మా అందులో అని అడిగాను. డాక్టరుగారు చెప్తారండీ అంది. ఫోన్ పెట్టేశాక కూడా దాన్ని చెవికి ఆనించుకుని ఊఁ, ఊఁ అంటూ నిలబడ్డాను, తలుపు సందులోంచి ఆమెకు వినబడుతుందేమోనని. నా జన్మలో అంత భయం నాకెప్పుడూ లేదు.

ఆ రాత్రి మా ఆవిడకు చెప్పాను, మర్నాడు బావతో పాటు తనూ అక్కకు తోడు వెళ్లింది. ఆ తర్వాత అక్క కొన్నేళ్లు బతికింది. ఆసుపత్రి లిఫ్టు ఎక్కిన ప్రతిసారీ, లోపలున్న ఎవరిదో ఒకరి చెయ్యి పట్టుకుని "భయమైతుంది" అంటూనే ఎక్కింది. మా కుక్కర్ ఏడాదికొకసారి అడిగి పట్టుకెళుతూనే ఉంది. కోటింగ్ దించాక నిజం చెప్పమందే, ఆ నిజం మాత్రం నన్నెప్పుడూ అడగలేదు. అడగాల్సిన పని లేకుండా నేనే చేశాను. బాల్కనీలోంచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది ఇదీ.

"ఏం లేదంటక్కా. ఉత్త కొవ్వు గడ్డ అంట. ఆ డాక్టరమ్మకు సుత గసొంటిదే ఉందంట, మోచేతి మీద, బటానీ గింజంత. ఇరవై ఏండ్ల సంది ఉందంట. వాళ్లమ్మకు సుత ఉండెనంట, ఆమె తొంభై ఏండ్లు బతికి, మౌలాలి గుట్ట మెట్లన్నీ ఎక్కి దిగిందంట. ఫోన్లనే నవ్వింది. కేక్ చేస్తున్నరా, నాకూ ఒక ముక్క పంపుమని చెప్పుండ్రి అన్నది..."

ఆమె గరిటె ఆపలేదు. తల వంచుకుని, తిప్పుతూ, తోక చివరిదాకా విన్నది. గరిటె వెనక దారి పడి, మూసుకోకుండా నిలబడింది.

"మంచిగ చెప్పినవ్ తమ్ముడు" అంది. "ఇగ కొబ్బరి వెయ్యి."

వేశాను.